పండగ కుండీకి చలి భయమా? ఎందుకు, ఎలా?

డిసెంబరు మొదటివారం దాటగానే వేలూరు, కాట్పాడి నర్సరీల ముందు ఎర్రటి కుండీలు వరసకడతాయి. మెరుపు కాగితం చుట్టి, రిబ్బను కట్టి ఉంటాయి. నర్సరీవాళ్లు పాయిన్‌సెట్టియా అంటారు, కొనేవాళ్లు క్రిస్మస్ పువ్వంటారు. చర్చికి వెళ్లేవాళ్లే కొంటారని కాదు, ఎరుపు నచ్చి కొనేవాళ్లే ఎక్కువ. సంక్రాంతి వచ్చేసరికి చాలా ఇళ్లలో అది నాలుగు ఆకులు మిగిలిన కాడ. అప్పుడు పుట్టే ప్రశ్న: చలికాలంలో దీన్ని ఇంట్లో ఎలా కాపాడుకోవాలి?

ఫోనులో వెతికితే దొరికే జవాబులు మంచు కురిసే ఊళ్లవి. హీటరుకు దూరంగా పెట్టమంటాయి, కిటికీ సందులోంచి వచ్చే చలిగాలి తగలనివ్వద్దంటాయి. కాట్పాడిలో హీటరెక్కడుంది? జనవరి తెల్లవారుజామున ఇక్కడ ఉండేది 18 డిగ్రీలకు అటూ ఇటూ, మధ్యాహ్నం 30కి దగ్గర. మెక్సికో కొండవాలుల్లో పుట్టిన ఈ మొక్కకు మన ఊళ్లో ఏడాది మొత్తంలో అంతకంటే హాయైన కాలం లేదు. కాబట్టి చలి సంగతి వదిలేయండి. ఇక్కడ దాన్ని చెడగొట్టేవి మూడు: మనం పోసే నీళ్లు, రాత్రి దీపాలు, ఆ తరువాత వచ్చే ఎండలు.

కొన్న వారానికే ఆకులెందుకు రాలతాయి?

అది ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూడాలి. ఈ కుండీల్లో ఎక్కువ భాగం బెంగళూరు, హొసూరు వైపు నీడవలల కింద పెరిగినవి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, వేలూరు 200 మీటర్ల పైచిలుకు. ఘాటు దిగి లారీలో వచ్చేటప్పుడు ఒక్కో మొక్కకు ప్లాస్టిక్ గొట్టంలాంటి తొడుగు వేసి కుక్కుతారు. నలిగిన ఆకులు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. తొడుగులో గాలి ఆడక అది అక్కడే నిలుస్తుంది. పాయిన్‌సెట్టియాకు ఆ వాయువంటే గిట్టదు: ఆకులు వేలాడతాయి, తొడిమలు వదులవుతాయి. ఇంటికి తెచ్చాక తొడుగు తీయకుండా, అందంగా ఉందని అలాగే ఉంచితే ఆ బాధ ఇంకా సాగుతుంది. తీసేయండి, వెంటనే.

ఎథిలీన్ అంటే కాయల్ని పండించే వాయువే. పండుతున్న అరటిగెల పక్కన ఈ కుండీ పెట్టడమంటే తెలిసి తెలిసి ఆకులు రాల్చుకోవడమే. పొగలోనూ ఎథిలీన్ ఉంటుంది. ధనుర్మాసంలో రోజూ సాంబ్రాణి వేసే ఇల్లయితే కుండీని పూజగదికి దూరంగా ఉంచండి.

అయినా రాలే ఆకుల్లో ఎక్కువ పాపం మెరుపు కాగితానిదే. పోసిన నీరు కుండీ అడుగు రంధ్రాల్లోంచి దిగి ఆ కాగితంలో నిలుస్తుంది. వేళ్లకు గాలి అందదు, కుళ్లుతాయి. వేరు కుళ్లిన మొక్క నీళ్లు పీల్చలేక వాడుతుంది. వాడింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం. పండగ కుండీల్లో సగం ఇలా దాహంతో కాదు, దయతో పోతాయి.

మరి నీళ్లు ఎప్పుడు పోయాలి?

రోజుకొకసారా, రెండు రోజులకొకసారా అని లెక్క అడగకండి, ఆ లెక్క లేదు. ఈ కుండీల్లో మట్టి కంటే కొబ్బరిపొట్టే ఎక్కువ. దాని గుణం విచిత్రం. పైన ఎండి పొడిపొడిగా కనిపిస్తుంది, అడుగున తడి పట్టుకునే ఉంటుంది. వేలు పెట్టి చూస్తే మోసపోతాం. కుండీని ఎత్తి చూడండి. బరువుగా ఉంటే పోయద్దు. తేలిగ్గా అనిపిస్తే కాగితం విప్పి, అడుగునుంచి కారేదాకా నిండుగా పోసి, పావుగంట వార్చి, అప్పుడు లోపలికి తెచ్చుకోండి. కాగితం మీద మరీ ముచ్చట ఉంటే అడుగున చిల్లులు పొడిచి, కింద పళ్లెం పెట్టండి. పళ్లెంలో దిగిన నీళ్లు పారబోయాలి.

బోరు నీళ్ల సంగతి ఇటువైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, కొళాయిల చుట్టూ తెల్లగా పేరుకునే పొర చూస్తూనే ఉంటారు. అదే ఉప్పు కుండీ పైపొరలోనూ పేరుకుంటుంది, ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. మిద్దె గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టి ఆ నీళ్లు పట్టుకుంటే జనవరి అంతా ఈ ఒక్క మొక్కకు సరిపోతాయి. అదే వానలో కుండీని బయట వదిలేస్తే మాత్రం పైన చెప్పిన వేరుకుళ్లే.

ఇంట్లో ఎక్కడ పెట్టాలంటే, తూర్పు కిటికీ దగ్గర. ఉదయపు ఎండ పడాలి, ఫ్యాన్ గాలి సూటిగా కొట్టకూడదు. టీవీ పక్కన చీకటి మూలలో బాగుంటుందనిపిస్తే అతిథులు వచ్చిన పూట అక్కడ పెట్టి, మర్నాడు మళ్లీ కిటికీ దగ్గరికి చేర్చండి.

ఎర్రగా ఉన్నవి పువ్వులు కావా?

కావు, ఆకులే. అసలు పువ్వులు నడిమధ్యన పసుపుపచ్చ పూసల్లా ఉంటాయి. కొనేటప్పుడు చూడాల్సింది వాటినే. పూసలు ముడుచుకుని గట్టిగా ఉంటే ఎరుపు వారాల తరబడి నిలుస్తుంది. పుప్పొడి రాలి, పూసలు ఊడిపోయి ఉంటే ఆ మొక్క పండగ అప్పటికే అయిపోయిందన్నమాట, బేరమాడి కూడా కొనద్దు.

వచ్చే ఏడాది మళ్లీ ఎర్రబడుతుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది విఫలమయ్యేదీ ఇక్కడే. మొక్క పచ్చగా, ఏపుగా పెరుగుతుంది, డిసెంబరు వస్తుంది, ఒక్క ఆకూ ఎర్రబడదు. ఎందుకు?

1920లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకంతో తంటాలుపడి ఒక సంగతి బయటపెట్టారు. అది వేసవంతా ఎత్తుకెత్తు పెరిగేదేగానీ పూసేది కాదు. పగటి పొడవు తగ్గించి చూస్తే పూసింది. కొన్ని మొక్కలు రుతువును వేడినిబట్టి కాక పగలూ రాత్రీ పొడవునుబట్టి తెలుసుకుంటాయని అలా తేలింది. తరువాతివాళ్లు ఇంకా తరచి చూస్తే, మొక్క కొలిచేది పగటిని కాదు, తెంపులేని చీకటిని. పాయిన్‌సెట్టియా ఆ జాతిదే. మన చామంతీ అంతే. పూత వెనక్కి జరపడానికి కొందరు చామంతి రైతులు రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగించేది ఇందుకే.

లండన్‌లో జూన్ పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబరు పగలు 8 గంటలైనా ఉండదు. కాట్పాడిలో జూన్ పగలు సుమారు 12 గంటల 50 నిమిషాలు, డిసెంబరు పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలు. తేడా గంటన్నరే. అంత చిన్న తేడాను కూడా మొక్క పట్టుకుంటుంది. దసరా రోజులు వచ్చేసరికి రాత్రి దానికి కావలసినంత పొడవవుతుంది. అక్కడినుంచి రెండు నెలలు ఆ చీకటి తెగకుండా దొరికితే ఎరుపు వస్తుంది. చల్లని దేశాలవాళ్లు చెప్పే అట్టపెట్టె తంతు మనకు తప్పనిసరి కాదు. మిద్దె మీద వీధిదీపం పడని మూల చాలు.

ఆ మూల దొరకడమే కష్టం. హాల్లో పది దాటేదాకా ట్యూబులైటు, వాకిట్లో ఎల్‌ఈడీ వీధిదీపం, హాస్టలు వరండాల్లో తెల్లవార్లూ వెలుగు. చదువుకోడానికి కాట్పాడి వచ్చి గది కిటికీలో కుండీ పెంచుకునే తెలుగు పిల్లలకు ఎరుపు రాకపోవడానికి కారణం సాధారణంగా ఆ వెలుగే. ఇలాంటిచోట అట్టపెట్టె వాడాల్సిందే: అక్టోబరు మొదలు నవంబరు చివరిదాకా సాయంత్రం ఆరింటికి కప్పి, ఉదయం ఏడింటికి తీసి ఎండలో పెట్టాలి. పెట్టెకు వెలుగు దూరని గాలిసందు ఉంచండి, లేకపోతే లోపల ఉక్క. ఒకసారి ఎర్రబడ్డాక దీపాలు వేసుకున్నా ఆ రంగు వెనక్కి పోదు.

ఇంకో చిక్కుంది. రాత్రి వేడి 24 డిగ్రీల దగ్గర ఉంటే పూత వెనకబడుతుంది, మన అక్టోబరు రాత్రులు అలాంటివే. కాబట్టి మన ఇంట పెరిగిన కుండీ క్రిస్మస్‌కు కాక సంక్రాంతికి ఎర్రబడితే తప్పు మీది కాదు. నన్నడిగితే అదీ మంచి ముహూర్తమే.

అక్టోబరు దాకా బతికించేదెలా?

ఎరుపు వెలిశాక, ఫిబ్రవరి చివర్లో, కాడల్ని జానెడు ఎత్తుకు కత్తిరించండి. తెల్లటి పాలు కారతాయి. ఇది జెముళ్ల బంధువు, మన గట్ల మీది రెడ్డివారి నానబాలుకూ చుట్టమే. ఆ పాలు కొందరికి చర్మం మీద దద్దురు తెస్తాయి, కళ్లకు తగిలితే మంట. ప్రాణం తీసే విషమన్నది మాత్రం పుకారే. 1996లో అమెరికాలో 22 వేలకు పైగా కేసులు పరిశీలిస్తే ఒక్క మరణమూ కనిపించలేదు. అయినా పసిపిల్లల నోటికి అందేచోట పెట్టద్దు.

ఏప్రిల్, మేలో వేలూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి ఎండ తగలని వరండాలో, నేల మీద, మిగతా కుండీల మధ్య దాన్ని ఉంచండి. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే మట్టికుండీలో దింపండి, వేళ్లు ఉడకవు. తొలకరి జల్లులు పడ్డాక కొంచెం పెద్ద కుండీకి మార్చి, ఎరువు వేసి, ఆగస్టు చివరిదాకా చిగుళ్లు గిల్లుతూ ఉంటే గుబురుగా వస్తుంది. సెప్టెంబరులో కత్తెర ముట్టద్దు. తెల్లదోమ, పిండినల్లి కనిపిస్తే వేపనూనె చాలు.

గిల్లినా నర్సరీలో ఉన్నంత పొట్టిగా ఉండదు, ఎందుకంటే అక్కడ ఎదుగుదల ఆపే మందు కొడతారు. కొమ్మలు గుబురుగా రావడానికి కారణం మరీ వింత: మొక్కలో కాపురముండే ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. ఆ సంగతి 1997లో తేలింది. మనం అందమనుకునేది ఒకరకంగా దాని జబ్బే!

క్రిస్మస్ చెట్టు కుండీకి కూడా ఇవే పద్ధతులా?

కాదు. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలేసే ఆ చెట్టు ఆరోకేరియా. చీకటి లెక్క దానికి అక్కర్లేదు, వెలుగే కావాలి. వెలుగు చాలకపోతే కింది కొమ్మలు ఎండుతాయి, ఎండిన అంతస్తు మళ్లీ రాదు. నక్షత్రం కట్టడానికి పైకొన వంచినా, తుంచినా నిటారు పెరుగుదల పోతుంది. సీరియల్ బల్బుల బరువు మోసేంత గట్టిది కాదు, నాలుగు కాగితం బొమ్మలతో సరిపెట్టండి. కుక్ పైన్ అనే దీని రకం ఆరుబయట పెరిగితే భూమధ్యరేఖ వైపు ఒరుగుతుందని 2017లో లెక్కతీశారు. అంటే మన దగ్గర దక్షిణానికి. ఇంట్లో మాత్రం అది కిటికీ వైపే ఒరుగుతుంది, వారానికోసారి కుండీని పావుచుట్టు తిప్పితే నిటారుగా ఉంటుంది.