తలకాయ ఒక్కటీ మిగిలిన కథలు

ఇలా వచ్చి కూచోండర్రా. ఒరేయ్ బుజ్జీ, ఆ ఉయ్యాల ఆపి చాప మీదికి రా. ఇవాళ మీకు ఒళ్ళు లేని ముఖాల కథ చెబుతాను.

ఈసారి గుడికెళ్ళినప్పుడు, దణ్ణం పెట్టుకోవడం అయ్యాక, దేవుడి వెనకాల వంపు తిరిగి ఉండే మకరతోరణాన్ని కాస్త తలెత్తి చూడండి. రెండు చివర్లా మకరాలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. నేను చెప్పేది వాటి గురించి కాదు, నడినెత్తిన కూచున్నదాని గురించి. పొడుచుకొచ్చిన కనుగుడ్లు, కొమ్ములు, కోరలు, ఉబ్బిన బుగ్గలు. చాలాచోట్ల కింది దవడ కూడా ఉండదు. మెడ లేదు, ఒళ్ళు లేదు, ఉత్త ముఖం. దాన్నే కీర్తిముఖం అంటారు.

దానికి స్కాంద పురాణంలో ఓ కథ ఉంది. జలంధరుడనే రాక్షసరాజుకి కళ్ళు నెత్తికెక్కి, పార్వతీదేవిని తనకిచ్చెయ్యమని శివుడి దగ్గరికి రాయబారం పంపాడు. ఆ రాయబారి రాహువు. ఆ మాట చెవిన పడగానే శివుడి కనుబొమల మధ్య నుంచి సింహం ముఖంతో ఒక భూతం ఊడిపడింది. బక్కచిక్కిన ఒళ్ళు, వేలాడే నాలుక. ఆకలో ఆకలంటూ రాహువు మీదికి ఉరికింది. వాడు హడలిపోయి శివుడినే శరణన్నాడు. శరణన్నవాణ్ణి ఆయనెప్పుడు కాదన్నాడు గనక! సరే పొమ్మన్నాడు. మరి దీని ఆకలి మాటేమిటి? నీ ఒళ్ళే నువ్వు తినమన్నాడు. అది మారుమాటాడకుండా కాళ్ళు తిన్నది, చేతులు తిన్నది, పొట్టా ఛాతీ కూడా తినేసింది. చివరికి ముఖం ఒక్కటే మిగిలింది. శివుడు ముచ్చటపడి దానికి కీర్తిముఖమని పేరు పెట్టి, ఎప్పుడూ నా వాకిట్లోనే ఉండు, నిన్ను కొలవనివాడికి నా దయ దక్కదు అన్నాడు. జావా దీవిలో తొమ్మిదో శతాబ్దంనాటి బోరోబుదూర్‌కి వెళ్ళినా ద్వారాల నెత్తిన ఇలాంటి ముఖమే కనబడుతుంది. దానికీ కింది దవడ ఉండదు.

ఇక రాయబారిగా వచ్చిన ఆ రాహువు ఎవరు? అతనూ తలకాయే! దొంగతనంగా దేవతల వరసలో కూచుని అమృతం తాగుతుంటే, సూర్యచంద్రులు కనిపెట్టి చెప్పేశారు. విష్ణుచక్రం మెడ తెగ్గొట్టింది. తల రాహువైంది, మొండెం కేతువైంది. ఆ కోపంతోనే తలకాయ అప్పుడప్పుడూ వచ్చి చంద్రుణ్ణి మింగుతుందట. మింగితే చంద్రుడు మళ్ళీ ఎలా వస్తాడని అడుగుతారని నాకు తెలుసు. కింద గొంతు ఉంటే కదా నిలవడానికి! అటునించి బయటికొచ్చేస్తాడు. గ్రహణం విడవడానికి ఇంత చక్కటి కారణం చెప్పినవాళ్ళంటే నాకు ఎంత గౌరవమో.

లెక్కలు కట్టేవాళ్ళకి అసలు సంగతి తెలియక కాదు. ఆర్యభటుడు 499లోనే చంద్రగ్రహణం అంటే చంద్రుడు భూమి నీడలోకి రావడమని రాసిపెట్టాడు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి కోసుకునే రెండు చోట్లకి మన జ్యోతిష్కులు రాహువు, కేతువు అనే పేర్లే ఉంచుకుని గ్రహణాల లెక్కలు వేశారు. అయినా అరుగు మీద కథ చెప్పేటప్పుడు మాత్రం నీడ పనికిరాలేదు, ముఖమే కావలసి వచ్చింది.

ఇక్కడే నాకు ఆశ్చర్యం. భూతం తనని తాను తినేస్తే చెయ్యో కాలో మిగిలిందని ఎందుకు చెప్పలేదు? చెయ్యి మిగిలితే అది తెగిన చెయ్యి, అంతే. ముఖం మిగిలితే మాత్రం అది ఇంకా ఆ ప్రాణే. దానికి కోపముంది, ఆకలుంది, దాన్ని కాపలా పెట్టొచ్చు, దానికి మొక్కొచ్చు. ఈ సంగతి మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. అమెరికాలో కొందరు పరిశోధకులు పుట్టి పట్టుమని పావుగంట కూడా కాని పసిగుడ్ల ముందు బొమ్మలు అటూ ఇటూ కదిపి చూశారు. ఒకదాని మీద కళ్ళూ ముక్కూ నోరూ వాటి చోట్లలో ఉన్నాయి. ఇంకోదాని మీద అవే చెల్లాచెదురుగా ఉన్నాయి. మరోటి ఖాళీ. ముఖంలా ఉన్న బొమ్మ వెంటే పిల్లలు ఎక్కువగా తల తిప్పారు. 1975లో అచ్చయిందా సంగతి. ఇంకా అమ్మ ముఖమైనా సరిగ్గా చూడలేదు పాపం! అసలు పురిటిబిడ్డకి దూరం ఆనదు. జానెడు, జానెడున్నర దూరమే కాస్త తెలుస్తుంది. ఒళ్ళో పాలు తాగే బిడ్డకి అమ్మ ముఖం ఉండేది సరిగ్గా అంత దూరంలోనే.

మన మెదడు అడుగుభాగంలో, చెవుల వెనకవైపుకి, ముఖం కనబడితే చాలు చురుగ్గా పనిచేసే చోటొకటుందని నాన్సీ కాన్విషర్ అనే శాస్త్రవేత్త బృందం 1997లో చూపించింది. ఆ చోటుకి తొందర జాస్తి. పీచు తీసిన కొబ్బరికాయని చేతిలోకి తీసుకోండి. మూడు గుంటలుంటాయి. మొలక వచ్చేది వాటిలో మెత్తగా ఉన్న ఒక్కదాంట్లోంచే, మిగతా రెండూ గట్టిగా మూసుకుపోయి ఉంటాయి. చెట్టు లెక్కలో అవి గుంటలు. మన లెక్కలో మాత్రం రెండు కళ్ళు, ఒక నోరు! దోసెలో చిల్లులు, గోడమీద ప్లగ్గు, ఎదురుగా వచ్చే ఆటో, అన్నీ మనల్నే చూస్తుంటాయి. మనుషుల మధ్య బతికే ప్రాణికి లేని ముఖం కనబడితే పెద్ద నష్టం లేదు. ఉన్న ముఖాన్ని చూసుకోకపోతేనే ముప్పు.

గ్రీసు వాళ్ళకీ ఓ తలకాయ ఉంది, మెడూసా. జుట్టంతా పాములు, కళ్ళలోకి చూస్తే రాయైపోవడమే. పెర్సియస్ అనే వీరుడు మెరిసే డాలులో దాని నీడ చూస్తూ ఆ తల నరికాడు. నరికినా దాని మహిమ పోలేదు. ఎథీనా దేవి దాన్ని తన డాలుకి తగిలించుకుంది. నాకు బాగా నచ్చిన ముచ్చట మరోటుంది. పాత గ్రీకు కుండల మీద దేవుళ్ళూ వీరులూ దాదాపు అందరూ పక్కకి తిరిగే ఉంటారు. ఈ మెడూసా జాతి ముఖం మాత్రం తిన్నగా మనకేసి చూస్తుంది. కీర్తిముఖమూ అంతే, కడుతున్న ఇంటికి మనం వేలాడదీసే దిష్టిబొమ్మా అంతే. చదునైన బొమ్మలో కళ్ళు ఎదురుగా గీస్తే మీరు ఏ పక్కకి జరిగినా అవి మిమ్మల్నే చూస్తున్నట్టుంటుంది, ఎందుకంటే బొమ్మకి పక్కభాగం లేదు, చూపు మారదు. రెండు నుంచి ఐదు రోజుల పిల్లలు కూడా పక్కకి చూసే ముఖం కన్నా తమని చూసే ముఖాన్నే ఎక్కువసేపు చూస్తారని తేలింది.

ఇంతా చేసి ఈ ముఖాల విద్య ఒక్కోసారి బెడిసికొడుతుంది. కిష్కింధలో వాలి, సుగ్రీవుడు కలియబడితే రాముడంతటివాడు బాణం ఎక్కుపెట్టి కూడా ఆగిపోయాడు. అన్నదమ్ములిద్దరూ అచ్చుగుద్దినట్టున్నారు మరి! పాపం సుగ్రీవుడు చావుదెబ్బలు తిని పారిపోయాడు. రెండోసారి లక్ష్మణుడు గజపుష్పి తీగ తెంపి సుగ్రీవుడి మెడలో వేస్తే గానీ గుర్తు దొరకలేదు. వాలి ముక్కు ఇలా, సుగ్రీవుడి చెవి అలా అని ఎవరూ గుర్తు చెప్పలేదు చూడండి, మెడలో పూలు వేశారు. మనం ముఖాన్ని ముక్కలుగా చూడం, ఒక్కసారిగా చూస్తాం. వాకిట్లో ముగ్గు చూసి చుక్కలు లెక్కపెట్టకుండానే ఇది తామరపువ్వు అంటామే, అలాగన్నమాట. పైగా ఆ చూపు నిటారుగా ఉన్న ముఖానికే బాగా అలవాటు పడింది.

కావాలంటే మీరే చూడండి. నిన్నటి పేపర్లో నవ్వుతున్న పెద్ద ఫొటో ఒకటి కత్తిరించండి. కత్తెర అమ్మ చేతే వాడించండి. రెండు కళ్ళనీ, నోటినీ చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కోదాన్నీ తలకిందులు చేసి, ఉన్నచోటే మళ్ళీ అంటించండి. ఇప్పుడు ఫొటో మొత్తాన్ని తలకిందులుగా పట్టుకుంటే ఏమంత తేడా కనబడదు, నవ్వుతున్నట్టే ఉంటుంది. మెల్లగా నిటారుగా తిప్పండి, వెన్ను జలదరిస్తుంది! 1980లో పీటర్ థాంప్సన్ అనే ఆయన బ్రిటన్ ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ ఫొటోతో ఇదే చేసి చూపించాడు. తలకిందులుగా ఉన్నంతసేపూ కళ్ళు విడి, నోరు విడి, దేనికది బాగానే కనబడుతుంది. నిటారుగా రాగానే మెదడు అన్నిటినీ కలిపి ఒక్క ముఖంగా చదువుతుంది, అప్పుడు తెలుస్తుంది తప్పు ఎక్కడుందో. మన చిట్టి జడుసుకుంటుందేమో, తిప్పేముందు దాన్ని నా పక్కన కూచోబెట్టండి.