మన లోకల్ బండి దారిలో ఎందుకు నిలబడుతుంది?

పోయిన ఏడాది పదో తరగతికి విద్యుత్తు పాఠం చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. వాళ్ళ ఊరు అరంబాకం పక్కన. వాళ్ళ నాయన పట్నంలో, ప్యారీస్ కార్నరు దగ్గర ఒక ఇనుప సామాన్ల కొట్టులో పని చేస్తాడు. రోజూ లోకల్ బండిలో వెళ్ళి లోకల్ బండిలోనే తిరిగి వస్తాడు. "సార్, సెంట్రల్ నుంచి ఎన్నూరు దాకా బండి బాగా పరిగెత్తుతుందంట. మీంజూరు, పొన్నేరి వచ్చేసరికి ఊరికే నిలబడిపోతుందంట. పట్నం దూరమైతే తీగలో కరెంటు తగ్గిపోతుందా సార్?" అని అడిగాడు.

తరగతంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అడిగినవాడి ముఖంలో పరిహాసం లేదు. బండి అరగంట నిలబడితే వాళ్ళ నాయన ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. పొద్దున అరగంట నిలబడితే కొట్టు యజమాని సగం రోజు కూలి కోస్తాడు. ఆ రోజు పిల్లవాడికి ఇచ్చిన జవాబునే మరికాస్త విడమరిచి ఇవాళ మీకు మనవి చేస్తాను.

ముందు ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటల్లో. దక్షిణదేశంలో మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. మన ఉత్తరపు దారి తరవాతది. 1899 నాటికి విజయవాడ నుంచి మద్రాసు దాకా పట్టాలు కలిశాయి. కరెంటు బండి మాత్రం ముందు మన వైపు రాలేదు. 1931లో మద్రాసు బీచ్ నుంచి తాంబరం దాకా, సుమారు 29 కిలోమీటర్ల మీటర్ గేజి దారిలో వచ్చింది. దేశంలో మీటర్ గేజి మీద నడిచిన మొదటి కరెంటు లోకల్ అదే. ఆ చిన్న బళ్ళు 2004 దాకా తిరిగాయి. వాటిలో ఎక్కి తాంబరం వెళ్ళిన జ్ఞాపకం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి దాకా పైతీగ 1979లో వచ్చింది. తిరువళ్ళూరుకు కూడా అదే ఏడు, అరక్కోణానికి 1982లో. 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్టు స్థలంలో కట్టిన భవనం నుంచే ఇప్పుడు మన లోకల్ బళ్ళు బయలుదేరుతున్నాయి. పెద్దవాళ్ళు ఇంకా "మూర్ మార్కెట్టు ప్లాట్‌ఫారం" అనే అంటారు.

ఇక బండి సంగతి. ఎక్స్‌ప్రెస్ బండికి ముందు ఒక ఇంజను ఉంటుంది, వెనక పెట్టెలన్నీ దానికి వేలాడతాయి. లోకల్ బండికి విడిగా ఇంజను లేదు. మరి లాగేదెవరు? చెరకు కాలంలో ఫ్యాక్టరీకి వెళ్ళే బళ్ళను తలచుకోండి. పన్నెండు బళ్ళను ఒకదానికొకటి కట్టి ముందొక్క జత ఎద్దులను పూనిస్తే అవి కదలడానికే ఆపసోపాలు పడతాయి. మధ్యమధ్య బళ్ళకు కూడా ఎద్దులుంటే అన్నీ ఒక్కసారి కదులుతాయి. లోకల్ బండిలో ఎద్దులున్న బళ్ళను మోటారు పెట్టెలంటారు. ఆ పెట్టె కింద ఇరుసులకే మోటార్లు బిగించి ఉంటాయి. పెట్టెపైన మడతకాళ్ళ చట్రం ఒకటి తీగను రాసుకుంటూ పోతుంది చూశారా, అది ఉన్నదే మోటారు పెట్టె. ఆ తీగలో ఉండేది 25,000 వోల్టులు. పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గించి మోటార్లకు అందిస్తుంది.

ఇంత ఏర్పాటు దేనికంటే, సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండికి 48 కిలోమీటర్లు, దారిలో దిగే స్టేషనుతో కలిపి పదహారు స్టేషన్లు. సగటున మూడు కిలోమీటర్లకొకటి. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. ఇలాంటి దారిలో గొప్ప వేగం అక్కరకు రాదు. చప్పున వేగం అందుకోవాలి, చప్పున ఆగాలి. మామూలు బండిలో బ్రేకు వేస్తే గాలి ఒత్తిడి గొట్టం వెంబడి పెట్టె పెట్టెకూ పాకాలి. లోకల్లో కరెంటు సంకేతంతో అన్ని పెట్టెల బ్రేకులూ ఒకేసారి పడతాయి. రెండు చివరలా డ్రైవరు గది ఉంటుంది కాబట్టి ఇంజను విప్పి అటు మార్చే పని లేదు. గుమ్మిడిపూండిలో డ్రైవరు ఇటు దిగి అటు ఎక్కితే బండి తిరుగు ప్రయాణానికి సిద్ధం. గార్డు రెండు గంటలు కొడితే కదలమని, ఒక గంట కొడితే ఆగమని. డ్రైవరు చేతికింద ఒక పిడి ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి ఉంచాలి. ఆయనకేదైనా ప్రమాదం జరిగి చెయ్యి సడలితే బ్రేకులు వాటంతట అవే పడతాయి. ఈ ఒక్క సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు తరగతి కాసేపు నిశ్శబ్దమైపోయింది.

ఈ పెట్టెలు కూడా పరాయి సరుకు కాదు. పట్నంలోనే పెరంబూరులో 1955లో మొదలైన పెట్టెల కార్ఖానాలో తయారవుతాయి. ఒకప్పుడు తొమ్మిది పెట్టెలుండే బండికి ఇప్పుడు పన్నెండు. కొత్తగా వచ్చిన వాటిలో ఆగేటప్పుడు మోటార్లే కరెంటు పుట్టించి తిరిగి తీగలోకి పంపుతాయి. వాలు దిగేటప్పుడు సైకిలు డైనమో వెలిగినట్లన్నమాట.

పిల్లవాడు అడిగిన కరెంటు సంగతికి వద్దాం. తీగలో కరెంటు తగ్గిపోవడమేమీ లేదు. పట్టాల వెంబడి అక్కడక్కడ విద్యుత్ కేంద్రాలు కట్టి, దూరం పెరిగినా ఒత్తిడి పడిపోకుండా చూస్తారు. కాని వాడి అనుమానానికి ఒక కారణం ఉంది. దారిలో ఒకటి రెండు చోట్ల ఫ్యాన్లు ఆగి, దీపాలు ఆరి, క్షణంలో మళ్ళీ వస్తాయి. గమనించే ఉంటారు. ప్రభుత్వ కరెంటు మూడు పాయలుగా వస్తుంది. భారం సమంగా పంచడానికి ఒక కేంద్రం ఒక పాయ నుంచి, పక్క కేంద్రం ఇంకో పాయ నుంచి పట్టాలకు ఇస్తాయి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకూడదు కనుక మధ్యన కొద్ది దూరం తీగను కరెంటు లేకుండా ఉంచుతారు. అక్కడికి రాగానే డ్రైవరు స్విచ్చి ఆపేస్తాడు, బండి ఊపుమీద దాటిపోతుంది. బండి చెడిపోయిందని కంగారుపడి లేచి నిలబడనవసరం లేదు.

మరి బండి ఎందుకు నిలబడుతుంది? పట్టాల కొరత వల్ల. సెంట్రల్ నుంచి అత్తిపట్టు దాకా నాలుగు లైన్లున్నాయి. కాబట్టి అక్కడ లోకళ్ళు, దూరపు బళ్ళు చాలావరకు ఎవరి దారిన వారు పోవచ్చు. అత్తిపట్టు దాటాక పోవడానికొకటి, రావడానికొకటి, రెండే. విజయవాడ, హౌరా, ఢిల్లీ వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు, మన లోకల్, అన్నీ ఆ ఒక్క పట్టా మీదే పోవాలి.

నేను బల్లమీద వేసిన లెక్క ఇది. 24 కిలోమీటర్ల దూరం అనుకుందాం. ఆగుతూ పోయే లోకల్ సగటున గంటకు 36 కిలోమీటర్లు పోతే 40 నిమిషాలు పడుతుంది. ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ 90 పోతే 16 నిమిషాలు. అంటే లోకల్ బయలుదేరాక కనీసం 24 నిమిషాలు ఆగి ఎక్స్‌ప్రెస్‌ను వదిలితేనే అది దీని వెనక తగలకుండా పోగలదు. సాయంత్రం ఆరింటికి సెంట్రల్ నుంచి బళ్ళు ఒకదాని వెనక ఒకటి బయలుదేరుతుంటే ఆ 24 నిమిషాలు ఎవరిస్తారు? అందుకని లోకల్‌ను ఏదో ఒక స్టేషనులో పక్కపట్టా మీదికి తప్పిస్తారు. దాన్నే లూప్ లైను అంటారు. ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయిన తరవాత మనకు పచ్చదీపం. ఒక్కోసారి ఒకటి పోయింది కదా అని లేవబోతే దాని వెనక రెండోది వస్తుంటుంది.

ఈ తప్పించడం తేలికైన పనేమీ కాదు. 2024 అక్టోబరు 11 రాత్రి కవరైపేట దగ్గర దర్భంగా వెళ్ళే బాగమతి ఎక్స్‌ప్రెస్ నేరుగా పోవలసింది లూప్ లైనులోకి మళ్ళి, అక్కడ నిలిచివున్న గూడ్సును గుద్దుకుంది. చాలామంది గాయపడ్డారు. ప్రాణాలు పోకపోవడం అదృష్టం. ఆ రోజునుంచి నేను లూప్ లైనులో బండి ఆగినప్పుడు విసుక్కోవడం కొంచెం తగ్గించాను.

గుమ్మిడిపూండి దాటి ఎలావూరు, అరంబాకం, ఆ తరవాత తడ, అక్కంపేట, సూళ్ళూరుపేట. సూళ్ళూరుపేట దాకా లోకళ్ళు పోతాయి గాని, గుమ్మిడిపూండికి ఉన్నన్ని లేవు. కారణం మళ్ళీ అదే. ఉన్న రెండు పట్టాల్లో ఇంకొక బండిని దూర్చడానికి సందు దొరకాలి. శ్రీసిటీ వచ్చాక తడ దగ్గర దిగేవారు పెరిగారు, శ్రీహరికోట ఉద్యోగులు సూళ్ళూరుపేటలో దిగుతారు. ఇటునుంచి పట్నం కాలేజీలకు వెళ్ళే ఆడపిల్లలున్నారు. నా దగ్గర చదివిన ఒకమ్మాయికి పట్నంలో మంచి కాలేజీలో సీటు వచ్చింది. తిరిగివచ్చే బండి ఆలస్యమై అరంబాకంలో దిగేసరికి ఊరికి పోయే ఆటోలుండవని ఇంట్లోవాళ్ళు చేర్చలేదు. హాస్టలుకు వారికి శక్తి లేదు. మార్కుల జాబితా నాకు చూపించిన పిల్ల, ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. అత్తిపట్టు, గుమ్మిడిపూండి మధ్య మూడో, నాలుగో లైన్ల మాట ఎత్తినప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది.

అర్జీ ఎవరికి పెట్టాలన్నది చాలామందికి తెలియదు. అరంబాకం తమిళనాడు, తడ ఆంధ్ర. రాష్ట్రం హద్దు వాటి మధ్యన ఉంది. తడలో పలకమీద తెలుగు అక్షరాలు చూడగానే మావాళ్ళకు ఇల్లు వచ్చినట్టు ఉంటుంది. రైల్వే హద్దు మాత్రం అక్కడ లేదు. గూడూరు ముంగిటి దాకా దారి దక్షిణ రైల్వే చెన్నై డివిజనుదే. కనుక తడవారైనా, సూళ్ళూరుపేటవారైనా బండి కోసం అడగవలసింది చెన్నైనే. లోకల్ బళ్ళు కేంద్రప్రభుత్వ రైల్వేవి, రాష్ట్ర రవాణాశాఖకు రాసిన కాగితం అక్కడే ఉండిపోతుంది. డివిజను స్థాయిలో ప్రయాణికుల సలహా సంఘం ఒకటి ఉంటుంది. బండి పేరు, వేళ, ఎన్నాళ్ళు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందీ నెలరోజులు రాసిపెట్టి ఇచ్చిన అర్జీకీ, "మా బండి ఎప్పుడూ లేటు" అన్న అర్జీకీ తేడా ఉంటుంది.

పశ్చిమాన ఉన్నవారి కథ కొంచెం వేరు. తిరువళ్ళూరు వైపు లైన్లు ఎక్కువ కాబట్టి వారి బళ్ళు మెరుగు. తిరుత్తణి దాకా లోకల్ పోతుంది. 1960లో హద్దులు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినా, పట్టాలకు ఆ సంగతి పట్టలేదు. దాని అవతల పొన్పాడి దాటగానే వెంకటనరసింహరాజువారిపేట. దేశంలోని స్టేషన్ల పేర్లలో పొడవైనదిగా పేరుమోసిన ఆ పలకను బండి నెమ్మదించినా ఒక్క చూపులో చదవడం కష్టం!

ఖర్చు సంగతి. సాధారణ లోకల్‌లో కనీస టిక్కెట్టు 5 రూపాయలు. నెల పాసు ధర సుమారు పదిహేను విడి ప్రయాణాలకు సమానం. 2014 జూన్‌లో దాన్ని ముప్పై ప్రయాణాలకు పెంచబోయి, జనం గగ్గోలు పెట్టడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కు తీసుకున్నారు. కొట్టులో పనిచేసే మనిషికి ఈ పాసే పట్నంలో ఇంటి అద్దె తప్పించే ఉపాయం. 2025 ఏప్రిల్‌లో బీచ్ నుంచి చెంగల్పట్టుకు చల్లని ఏసీ లోకల్ వచ్చింది. మొదట్లో దాని కనీస టిక్కెట్టు 35 రూపాయలు. వచ్చినందుకు సంతోషమే. మనవైపు మాత్రం చల్లగాలి కంటే ముందు పట్టాలు కావాలని నా అభిప్రాయం.

ఒక్క మాట తల్లిదండ్రులకు. 2018 జూలై 24న పరంగిమలై స్టేషనులో, మామూలుగా లోకల్ లైనులో పోవలసిన బండిని తీగ తెగినందువల్ల ఎక్స్‌ప్రెస్ లైనులోకి మళ్ళించారు. ఆ లైను పక్కన గోడ ఉంది. మెట్లమీద వేలాడుతున్నవారు దానికి తగిలి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారు రోజూ వేలాడినవారే, రోజూ ఏమీ కాలేదు. బండి ఏ లైనులో పోతుందో ఎక్కినవారికి తెలియదు. తీగ సంగతి కూడా అంతే. 25,000 వోల్టులకు ముట్టుకోవడమే అవసరం లేదు, దగ్గరికి పోతే చాలు, అదే దూకుతుంది. పెట్టె పైకెక్కిన కుర్రాడికి తన చెయ్యి తీగకు ఎంత దూరంలో ఉందో చూసుకునే వ్యవధి ఉండదు.

ప్రశ్న అడిగిన మా కుర్రవాడు ఆ సాయంత్రమే వాళ్ళ నాయనకు 24 నిమిషాల లెక్క వేసి చూపించాడట. ఆయన అంతా విని, "సరేరా, మరి మీంజూరులో రెండు బళ్ళు పోయేదాకా ఆపుతారే, దానికి లెక్క?" అన్నాడట. మరునాడు వాడు ఆ ప్రశ్న పట్టుకొచ్చాడు. మూడు బళ్ళకు లెక్క వెయ్యమని బల్లముందు నిలబెట్టాను. వేశాడు.