విమానం ఎక్కడి నుంచి దిగాలి?

మీరు నంద్యాలలో డాబా మీద నిలబడి ఉన్నారనుకోండి. 36,000 అడుగుల ఎత్తున ఒక విమానం ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చి, మీ తల మీదుగా హైదరాబాదుకు పోతున్నది. అది దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలి? హైదరాబాదు కనిపించాకనా? కాదు, దాదాపు మీ తల మీద ఉన్నప్పుడే!

ఎలాగో లెక్క చూద్దాం. గిద్దలూరు నుంచి వచ్చే బస్సు నల్లమల ఘాటులో వాలు వెంట మెల్లగా దిగుతుంది కదా! విమానమూ అంతే. అది దిగే వాలు సుమారు 3 డిగ్రీలు. అంటే ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి దాదాపు 3 నాటికల్ మైళ్లు ముందుకు పోవాలి. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. శంషాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. కనుక దిగవలసినది 34,000 అడుగులు. 34ను 3తో గుణిస్తే 102 నాటికల్ మైళ్లు, అంటే 189 కిలోమీటర్లు. నంద్యాల నుంచి శంషాబాదుకు తిన్నగా కొలిస్తే సుమారు 195 కిలోమీటర్లే!

అయితే పైలట్ తనంతట తాను దిగరాదు. కింద మరో విమానం ఉండవచ్చు. నేల మీది కంట్రోలరు రేడియోలో ఆజ్ఞ ఇవ్వాలి: “డిసెండ్ టు ఫ్లైట్ లెవెల్ వన్ ఫైవ్ జీరో.” 150కి రెండు సున్నాలు చేర్చండి. 15,000 అడుగుల దాకా దిగు, మళ్లీ చెప్పేదాకా అక్కడే ఉండు అని అర్థం. పైలట్ ఆ మాటలనే తిరిగి అప్పజెప్పాలి. తప్పు వినిపిస్తే కంట్రోలరు వెంటనే సరిదిద్దుతాడు.

ఎత్తును కొలిచే ఆల్టిమీటరు నిజానికి గాలి పీడనాన్ని కొలుస్తుంది. అందుకే చాలా ఎత్తున అన్ని విమానాలూ దానిని 1013.25 హెక్టోపాస్కళ్లకే సరిచేసుకుంటాయి. పొరపాటున్నా అందరికీ ఒకటే కనుక, వాటి మధ్య ఎడం చెడదు. బాగా కిందికి వచ్చాక కంట్రోలరు చెప్పిన స్థానిక పీడనానికి మార్చుకుంటాయి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 1996 నవంబరు 12న ఢిల్లీకి వస్తున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల వద్ద ఆగమన్నారు. ఎదురుగా పైకి లేస్తున్న సౌదీ విమానానికి 14,000 అడుగులు హద్దు. కజక్ విమానం తన హద్దు దాటి కిందికి వచ్చింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండూ ఢీకొని 349 మంది మరణించారు. ఆ తరువాత, ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరాన్ని మన దేశం తప్పనిసరి చేసింది.

ఇక మీ వంతు. కర్నూలు, నంద్యాల మధ్య ఓర్వకల్లులో 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం ప్రారంభమైంది. అక్కడికి వచ్చే విమానం 21,000 అడుగులు దిగవలసి ఉంటే, ఎన్ని కిలోమీటర్ల ముందు దిగడం మొదలుపెట్టాలి? లెక్క కట్టి, పటంలో ఆ చోటు ఎక్కడో గుర్తించండి.