మీకు తెలుసా? గమ్మున రావాలా, గమ్మున ఉండాలా?

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు. శని, ఆదివారాల్లో అక్కడ మాకు కమ్యూనికేషన్ క్లాసు. పోయిన నెల మమ్మల్ని ఐదు జట్లుగా విడగొట్టి, 'వేర్వేరు సంస్కృతులవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఏం జరుగుతుంది' అన్న విషయం మీద జట్టుకి ఇరవై నిమిషాల ప్రజెంటేషన్ ఇవ్వమన్నారు. ఐదూ విన్నాను, ఒకదాంట్లో నేనూ మాట్లాడాను. నోటుబుక్కులోకి ఎక్కినవీ, వాటిని వింటుంటే గుర్తొచ్చినవీ ఈ వారం మీకోసం.

మొదటి జట్టు జపాన్‌తో మొదలుపెట్టింది. అక్కడ విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇస్తారు, రెండు చేతులతోనే అందుకుంటారు. చదవకుండా జేబులో వేసుకుంటే అమర్యాద. బల్గేరియాలో తల పైకీ కిందికీ ఊపడం 'కాదు' అని చెప్పే పాత పద్ధతి అనీ చెప్పారు. బాగానే ఉంది. అయితే నాకు నచ్చింది స్లయిడ్లలో లేని మాట. ఆ జట్టులోని ఒకమ్మాయి చివర్లో, "మా నాన్నది కిరాణా కొట్టు. బోణీ వేళ ఎవరైనా ఎడంచేత్తో నోటు ఇస్తే ఆయన తీసుకోరు, నవ్వుతూ చూస్తూ ఉంటారు. అవతలివాళ్ళే గుర్తొచ్చి చెయ్యి మార్చుకుంటారు" అంది. జపాన్ కార్డు కంటే ఆ నోటే నా కళ్ళకి కట్టింది.

మీకు తెలుసా? దేశాల సంస్కృతిని అంకెల్లో కొలిచిన మనిషి ఉన్నాడు. నెదర్లాండ్స్‌కి చెందిన గీర్ట్ హాఫ్‌స్టెడ్. 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగుల దగ్గర పోగైన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను తిరగేసి, 1980లో పుస్తకం వేశాడు. పెద్దా చిన్నా తేడాని ఏ దేశం ఎంత పాటిస్తుంది, మనిషి ముఖ్యమా మంది ముఖ్యమా, ఇలాంటివాటికి దేశానికో అంకె ఇచ్చాడు. రెండో జట్టు మొత్తం ఆయన మీదే. శ్రమకి దణ్ణం పెట్టాలి. కానీ భారతదేశం మొత్తానికీ ఒక్క అంకె అన్నప్పుడు నేను గదిలోకి చూశాను. శ్రీకాకుళం, కరీంనగర్, చిత్తూరు, పాతబస్తీ, పట్నా. ఒక గదికే సరిపోని అంకె దేశానికి ఎలా సరిపోతుంది?

మూడో జట్టు ఎడ్వర్డ్ హాల్‌ని పట్టుకుంది. మనిషికీ మనిషికీ మధ్య ఎంత ఎడం ఉండాలో కొలిచిన అమెరికన్ ఈయన. 1966 నాటి పుస్తకంలో అమెరికన్లని గమనించి లెక్కలు రాశాడు: బాగా దగ్గరివాళ్ళయితే పద్దెనిమిది అంగుళాల లోపు, స్నేహితులయితే నాలుగడుగుల దాకా, పనిమీద కలిసినవాళ్ళయితే పన్నెండడుగుల దాకా. సాయంత్రం ఆరున్నరకి అమీర్‌పేట మెట్రోలో, ఎర్ర లైనూ నీలం లైనూ కలిసేచోట, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య ఆరంగుళాలు కూడా ఉండదు. అయినా ఎవరి లోకం వాళ్ళదే. ఎడం లేనప్పుడు చూపు పక్కకి తిప్పుకుని ఎడం కల్పించుకుంటాం.

అదే హాల్ మరో సంగతీ చెప్పాడు. కొన్నిచోట్ల అర్థమంతా మాటలోనే ఉంటుంది, కొన్నిచోట్ల మాట చుట్టూ ఉంటుంది. దీనికి వేరే దేశాల ఉదాహరణలు ఎందుకు, మన 'చూద్దాంలే' లేదూ? ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఓనరుగారు 'చూద్దాంలెండి' అంటే ఇంకో ఇల్లు వెతుక్కోవాలని మనకి తెలుసు. ఆ మాట నమ్మి మా క్లాసులోని పట్నా కుర్రాడు పంజాగుట్టలో వారం రోజులు ఒకే ఇంటి చుట్టూ తిరిగాడట. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ మోసపోలేదు. అతనికి మాట అందింది, దాని చుట్టూ ఉన్నది అందలేదు.

నాలుగో జట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆ జట్టు ఇంగ్లిషులో ప్రతి రెండో వాక్యం 'వియ్' అని మొదలుపెట్టింది. వియ్ పెద్దల్ని గౌరవిస్తాం, వియ్ చేత్తో తింటాం, వియ్ పెళ్ళికి ముందు జాతకాలు చూస్తాం. మూడో 'వియ్' దగ్గర పాతబస్తీ నుంచి వచ్చే అబ్బాయి తలవంచుకుని పెన్ను తిప్పుకోవడం చూశాను. జాతకాలు చూసే ఇల్లు కాదు అతనిది. నాకా క్షణం ఒక చిన్న తెలుగు పాఠం తట్టింది.

మీకు తెలుసా? ఇంగ్లిషు 'వియ్'కి తెలుగులో రెండు మాటలు. వినేవాణ్ణి కూడా కలుపుకుంటే 'మనం', వాణ్ణి బయట పెడితే 'మేము'. 'మేము సినిమాకి వెళ్తున్నాం' అంటే నువ్వు రావట్లేదని. 'మనం సినిమాకి వెళ్తున్నాం' అంటే చెప్పులేసుకోమని. ఇంగ్లిషుకి ఈ తేడా లేదు, హిందీ 'హమ్'కీ లేదు. తమిళానికి ఉంది, మరాఠీకి ఉంది, సముద్రం దాటితే మలయ్ భాషకీ ఉంది. పక్కనే ఉన్న కన్నడం వాడుకలో పోగొట్టుకుంది. ఆ ప్రజెంటేషన్ తెలుగులో చేసి ఉంటే మా జట్టువాళ్ళు నోరు తెరిచే ముందే తేల్చుకోవలసి వచ్చేది: ఈ గదిలో జాతకాలు చూసేది 'మనమా', 'మేమా'? భాషే ఆ ప్రశ్న అడిగేది. ఇంగ్లిషు అడగలేదు, మాకూ తోచలేదు. ఆ జట్టులో నేనూ ఉన్నాను. క్లాసయ్యాక ఆ అబ్బాయి దగ్గరికెళ్ళి మాట్లాడాను. చాయ్ అతనే ఇప్పించాడు.

చాయ్ దగ్గర అతను చెప్పినవి ఐదు ప్రజెంటేషన్ల కంటే ఎక్కువ.

హైదరాబాద్ ఉర్దూలో, అంటే దక్కనీలో, 'పర్సోం' అన్న మాట ఉంది. హిందీవాళ్ళకి అది మొన్నో, ఎల్లుండో. హైదరాబాదీకి మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, మూడేళ్ళ కిందట కూడా కావచ్చు. మనం 'మొన్నామధ్య' అన్నట్టే. టైలరు 'పర్సోంచ్ దియా నా' అంటే పట్నా కుర్రాడు క్యాలెండర్ చూసి రెండు రోజులు లెక్కపెడతాడు, చొక్కా ఇచ్చింది దసరాకి. ఆ మాట చివర ఉన్న 'చ్' మరాఠీది. వద్దు అనడానికి వాడే 'నక్కో' కూడా మరాఠీదే. హిందీలో 'వద్దు'కి సరైన ఒక్క మాట దొరకదు, 'నహీఁ చాహియే' అని రెండు మాటలు కలపాలి. తెలుగూ మరాఠీ వినే నగరానికి ఆ లోటు తెలిసింది, పక్కింటి నుంచి తెచ్చుకుంది.

దీనికంటే వింతది ఇంకోటుంది. దక్కనీలో 'కల్ ఆతూఁ బోల్కే బోలా' అంటారు. మాటకి మాట తెలుగులో పెట్టి చూడండి: 'రేపు వస్తాను అని చెప్పాడు'. హిందీలో అయితే 'ఉస్‌నే కహా కి' అని ముందు చెప్పి, తర్వాత సంగతి వస్తుంది. దక్కనీ ఆ వరస వదిలేసి మన 'అని'ని 'బోల్కే'గా పెట్టుకుంది. మాటలు ఉర్దూవి, అల్లిక తెలుగుది. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని ఏనాడో గుర్తించి రాశారు. బదులుగా మనం పుచ్చుకున్నవి దుకాణం, జేబు, ఖర్చు, వకీలు, కబురు. ఇవి లేకుండా ఒక పూట మాట్లాడి చూడండి.

ఇక ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళే దారి. అమీర్‌పేటలో ఎక్కితే ఎర్ర లైనులో వరసగా పంజాగుట్ట, ఇర్రం మంజిల్, ఖైరతాబాద్. అమీర్ అరబ్బీ, పేట తెలుగు. పంజా ఉర్దూ, గుట్ట తెలుగు. ఖైరతాబాద్‌లో 'ఆబాద్' ఫారసీ. 2018 సెప్టెంబర్ నుంచి ఈ దారిలో నడిచే రైళ్ళలో తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో స్టేషన్ పేర్లు చెబుతున్నారు కానీ, మూడు భాషల్లోనూ పలికేది అవే పేర్లు.

వీటిలో ఇర్రం మంజిల్ కథ మాత్రం చెప్పకుండా వదల్లేను. నిజాం కొలువులోని నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న మహలు అది. ఆ గుట్ట మట్టి ఎర్రన. చుట్టుపక్కలవాళ్ళకి అది ఎర్రగడ్డ. నవాబుకి ఫారసీలో స్వర్గం అని అర్థం వచ్చే 'ఇరం' అన్న మాట తట్టింది. మహలుకి 'ఇరం మంజిల్' అని పేరు పెట్టాడంటారు. దర్బారువాళ్ళు ఇరం అంటే, కూలికి వచ్చినవాళ్ళు ఎర్రం అన్నారు. ఎవరి నోట్లో మాట వాళ్ళది, ఇల్లు ఒకటే. ఈరోజుకీ బోర్డుల మీద 'ఇర్రం', 'ఎర్రం' రెండూ కనిపిస్తాయి, రెంటిలో ఏదీ తప్పు కాదు. తర్వాతి రోజుల్లో అందులో ప్రభుత్వ ఇంజనీరింగ్ కార్యాలయాలు నడిచాయి. దాన్ని కూల్చి శాసనసభ కడతామన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. గోడలు శిథిలమవుతున్నాయి. పేరైనా నిలిచింది.

మీకు తెలుసా? ఇలా రెండు చెవులకీ సరిపడే పేరు చెక్కడం ఈ గడ్డ మీద అప్పటికే పాత విద్య. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా, రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు మీద మక్కువ అక్కడ పట్టుకుంది. తెలుగు కవులు 'మలిక్ ఇబ్రహీం'ని 'మల్కిభరాముడు' చేశారు. అరబ్బీ పేరులో వాళ్ళకి రాముడు వినబడ్డాడు, రాజు కాదనలేదు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఖైరతాబాద్ పక్కనున్న హుస్సేన్‌సాగర్ కట్టింది ఆయన కాలంలోనే.

ఇంకో సంగతి. సంస్కృతం కలపకుండా రాసిన మొదటి అచ్చతెలుగు కావ్యం పొన్నెగంటి తెలగనార్యుడి యయాతిచరిత్రము. అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరు పాలకుడు అమీన్‌ఖాన్. అచ్చమైన తెలుగుకి మొదటి ఆసరా ఒక ముస్లిం అధికారి ఇంట దొరికిందన్నమాట. బళ్ళో ఇది నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఇంతకీ ఐదో జట్టు? అమెరికాలో ఉద్యోగానికి వెళ్తే ఎలా మెలగాలో చెప్పింది. పనికొచ్చే మాటలే. కానీ నా తీర్పు అడిగితే, మా ఐదు జట్లూ విమానం ఎక్కాయి, మెట్రో ఎక్కిన జట్టు ఒక్కటీ లేదు. అవతలి సంస్కృతి అంటే పాస్‌పోర్టు కావాలని అందరం అనుకున్నాం.

అవసరం లేదని మాకు ప్రశ్నల వేళే తెలిసి ఉండాల్సింది. కరీంనగర్ తమ్ముడు లేచి మా సారుతో, "సార్, నువ్వు పోయిన వారం చెప్పినవ్ గదా" అన్నాడు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడ్డారు. సారుని 'నువ్వు' అనడమా! తెలంగాణ పల్లెల్లో మర్యాదని 'మీరు'లో వెతక్కూడదు. సార్, అన్నా, కాకా, పెద్దమ్మా అన్న పిలుపులో ఉంటుంది అది. 'కాకా, నువ్వు తిన్నవా' అన్న మాటలో ఎంత గౌరవం ఉందో, 'మీరు భోంచేశారా' అన్నదాంట్లోనూ అంతే ఉంది. దాన్ని ఏ మాటలో దాస్తారన్నదే తేడా. ఆ తేడా తెలియక ఈ నగరంలో ఎంతమంది ఎంతమందిని పొగరుబోతులు అనుకున్నారో తలచుకుంటే బాధేస్తుంది.

అదే రోజు సాయంత్రం, మా వాళ్ళుండే హాస్టల్. ఒకే గదిలో గోదావరి జిల్లా అబ్బాయి, చిత్తూరు అబ్బాయి. మెస్సు మూసేసే వేళయింది. గోదావరి అబ్బాయి మెట్ల మీద నుంచి "గమ్మున రా రా" అని కేకేశాడు. చిత్తూరు అబ్బాయి చెప్పుల చప్పుడు కాకుండా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, పెదవి విప్పకుండా దిగాడు. వాళ్ళ ఊళ్ళో 'గమ్మున ఉండు' అంటే నోరు మూసుకుని ఊరుకోమని. గోదావరిలో 'గమ్మున' అంటే త్వరగా. కిందికి వచ్చేసరికి మెస్సు తలుపు వేసేశారు. ఇద్దరి మాతృభాషా తెలుగే.

మీకు తెలుసా? ఇలా జిల్లాజిల్లాకీ మారే తెలుగు మాటల్ని ఊరూరా తిరిగి ఏరిన పని ఒకటి జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ పదాల సంపుటం, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చింది. చేనేత మాటల సంపుటం 1971లో ఆయన సంపాదకత్వంలోనే వచ్చింది. రైతు మాట, సాలెల మాట వాటిలో భద్రంగా ఉన్నాయి. హాస్టల్ మెట్ల మీద తారుమారయ్యే మాటలు మాత్రం మనమే రాసిపెట్టుకోవాలి.

కాబట్టి ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో 'గమ్మున' అంటే ఏమిటి? మీ ఊరివాళ్ళు ఒక అర్థంలో వాడి, పక్క జిల్లావాళ్ళు ఇంకో అర్థంలో తీసుకునే మాట ఏదైనా ఉందా? ఊరి పేరు, మాట, అర్థం, ఈ మూడూ రాసి మాకు పంపండి. వచ్చిన ప్రతి మాటనీ ఊరి పేరుతో సహా ఇక్కడ అచ్చు వేస్తాం.