చర్లపల్లి నుండి వచ్చిన వాచ్‌మన్

పీర్జాదిగూడలో మేము నివసించు అపార్టుమెంటుకు వాచ్‌మన్ కావలెనని గేటుకు అట్ట వ్రేలాడగట్టిన మూడవనాడు, నలువదియైదేండ్ల మనిషి యొకడు చేతిలో ప్లాస్టిక్ కవరుతో వచ్చి, రమ్మని పిలుచువరకు లోనికి రాక, గోడనీడన నిలిచియుండెను. మా కార్యదర్శి కవరులోని ఆధార్ జిరాక్సును అటునిటు త్రిప్పి చూచుచు, "ఇంతకు ముందు ఎక్కడ చేసినవన్నా?" అని అడిగెను.

"చర్లపల్లిల సార్."

"ఏ కంపెనీ?"

"కంపెనీ గాదు సార్, జైలు. ఏడేండ్లు లోపల్నే ఉన్న. ఆడ వడ్రంగి పని నేర్చుకున్న."

కార్యదర్శి పొరపాటు సహజమైనదే. ఉప్పల్ కూడలి నుండి వరంగల్ రహదారి వెంట, ఏండ్ల తరబడి పూర్తికాని పైవంతెన స్తంభముల నడుమ ప్రయాణించు మావంటి వారికి, చర్లపల్లి యనగానే స్ఫురించునది నాచారము, మల్లాపురములతో కలిసిన పారిశ్రామికవాడ. 2025 జనవరి నుండి క్రొత్త రైల్వే టెర్మినల్ కూడ. కర్మాగారములకును కారాగారమునకును ఆ ఊరిపేరొక్కటే యగుటచేత, అక్కడ పని చేసితినని చెప్పినవాడు ఏ గోడకు ఏ ప్రక్కన చేసెనో అడిగినగాని తెలియదు. అడుగకున్నచో ఆతడు చెప్పకపోవచ్చును; ఈతడు అడుగకముందే చెప్పెను.

ఏమి కేసని యడుగగా, అన్నదమ్ముల భూమి పంచాయితీలో కొట్లాట జరిగినదనియు, దెబ్బ తగులరాని చోట తగిలినదనియు చెప్పెను. ఆనాటి సాయంకాలము సెల్లారులో కూడిన మా సంఘములో, కంపెనీ యుద్యోగము నుండి విరమించిన పెద్దమనిషి యొకరు, జైలుకు పోయినవారిని కావలి పనిలో పెట్టుకొనుట చట్టవిరుద్ధమని గట్టిగా పలికిరి. చట్టమనగానే మాకందరకును మనస్సు తేలికపడినది. వలదనుటకు ఎత్తిన చేతులలో నాదియు నొకటి.

ఆ చట్టమేదో చూడవలెనన్న బుద్ధి నాకు తరువాత కలిగినది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల క్రమబద్ధీకరణకై 2005లో పార్లమెంటు చేసిన శాసనమున పదవ సెక్షను, న్యాయస్థానముచే దోషిగా నిర్ణయింపబడిన వ్యక్తిని గార్డుగాగాని సూపర్‌వైజరుగాగాని నియమింపరాదని నిజముగనే చెప్పుచున్నది. నేరము చిన్నదా పెద్దదా, శిక్ష ముగిసి ఎన్నేండ్లయినది అను విచారణ ఆ వాక్యమున లేదు. కాని ఆ శాసనము గార్డులను సరఫరా చేయు ఏజెన్సీలకు సంబంధించినది. తమ గేటునకు తామే మనిషిని పెట్టుకొను పది ఫ్లాట్ల సంఘమును అది కట్టివేయదు. మేము మా భయమునకు పార్లమెంటును సాక్షిగా పిలిచితిమి. ఆ సాక్షి మా వ్యాజ్యమునకు సంబంధించినవాడు కాడు.

అయినను ఆ సెక్షను బరువు తక్కువది కాదు. చదువు అంతంతమాత్రముగా నుండి, దేహబలము తగ్గి, నగరమున పరిచయములు లేని మధ్యవయస్కునకు మొట్టమొదట దొరకు నౌకరీ సెక్యూరిటీ గార్డు పనియే కదా! ఉప్పల్ మొదలు పోచారము వరకు లేచిన సాఫ్టువేరు మేడలకును, ఆసుపత్రులకును, ఫంక్షన్ హాళ్ళకును కావలి మనుష్యులను పంపునవి ఏజెన్సీలే గనుక, ఆ ద్వారము అతనికి మూతపడినట్లే. క్యాబు నడుపుదమన్న, ఆప్ కంపెనీల కొరకు కేంద్రము 2020లో వెలువరించిన మార్గదర్శకములు, వారంటు లేకనే పోలీసు అరెస్టు చేయదగిన నేరములలో గడచిన ఏడేండ్లలోపల శిక్షపడిన డ్రైవరును చేర్చుకొనరాదనినవి. ఇందు ఒక గడువైనను కలదు. ఏడేండ్లకైనను తలుపు తెరచుకొనునన్న యాశ యున్నది. గల్ఫునకు పోదమన్న, 1967 నాటి పాస్‌పోర్టు చట్టము, నీతిబాహ్యమైన నేరమునకు రెండేండ్లకు తక్కువ కాని శిక్షపడి ఐదేండ్లు గడువనివానికి పాస్‌పోర్టు నిరాకరింపవలెనని చెప్పుచున్నది. ఇక ఏ కాగితమును అడుగని చోటు, తెల్లవారుజామున రోడ్డుప్రక్కన నిలుచు లేబర్ అడ్డా యొక్కటే. అక్కడ మేస్త్రీ చూచునది భుజములను.

జైలుకు పోయివచ్చినవాడను ఒక్క మాటతో లోకము ముగ్గురు వేర్వేరు మనుష్యులను కలిపివేయుచున్నది. మొదటివాడు దోషియని తీర్పు పొంది శిక్ష అనుభవించినవాడు. రెండవవాడు కేసు మాత్రమే నడుచుచున్నవాడు. జాతీయ నేరగణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022 చివర దేశమందలి జైళ్ళలోనున్న 5,73,220 మందిలో 4,34,302 మంది, అనగా నూటికి డెబ్బదియైదుగురికి పైగా, విచారణ ఖైదీలే. వారిలో నిర్దోషులుగా బయటపడువారికి సైతము పోయిన ఉద్యోగమును ఎవరును తిరిగి యీయరు. మూడవవాడు మన తెలుగుదేశమున కనబడువాడు: రౌడీషీటు గలవాడు. పోలీసు మాన్యువలులోని 601వ స్థాయీ ఉత్తరువు ననుసరించి ఠాణాలో తెరచు ఈ షీటునకు న్యాయస్థానపు తీర్పుతో పని లేదు. యౌవనమున బస్తీ తగవులలో దిగినవానిని, మీసము నెరసిన తరువాతను పండుగలకును ఎన్నికలకును ముందు పిలిపించి కూర్చుండబెట్టుట కలదు. యజమాని యెదుట ఒక్క కానిస్టేబులు వచ్చి పేరు పిలిచిన చాలును, ఆ నెల జీతముతో లెక్క ముగిసిపోవును.

ఈ ముగ్గురిని వేరుచేసి చూచు ఓపిక కంపెనీల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషనునకు సాధారణముగా ఉండదు. పూర్వము ఠాణాలో రైటరు వ్రాసిన కాగితము బీరువాలో చెదలు పట్టెడిది. నేడు ఈ-కోర్ట్స్ జాలస్థలిలో పార్టీ పేరు కొట్టిన చాలును, కొట్టివేసిన కేసు సైతము జాబితాలో కనిపించును. ఇంటిపేరు ఒక్క పొడియక్షరమైపోయిన మన దేశమున శ్రీనివాసులెందరో, రమేశులెందరో! ఒకని వ్యాజ్యము మరియొకని మెడకు చుట్టుకొనకుండుటకు తండ్రిపేరును చిరునామాను సరిచూడవలెను. ఆ శ్రమ పడినవాడే నిజమైన వెరిఫికేషను చేసినవాడు.

సర్కారు కొలువు సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది; ఎందుకనగా మన యింటి పిల్లలు అత్యధికముగా తప్పటడుగు వేయునది ఇక్కడనే. ఎంపికయైన పిమ్మట ఇచ్చు అటెస్టేషన్ ఫారములో, ఎన్నడైనను అరెస్టయితివా, కేసు నమోదైనదా, శిక్షపడినదా అని వేరువేరుగా ప్రశ్నలుండును. కేసు రాజీయైపోయినది కదాయని 'లేదు' అని వ్రాయుదురు. పోలీసు విచారణలో సంగతి బయటపడును. అప్పుడు ఉద్యోగము పోవునది పాత కేసు వలనకంటె, దానిని దాచినందువలననే యెక్కువ. ఢిల్లీ పోలీసుశాఖలో హెడ్‌కానిస్టేబులు కొలువునకు దరఖాస్తు చేసిన యువకుడొకడు, ఇట్లే రాజీతో ముగిసిన కొట్లాట కేసును చెప్పకపోగా, 2011లో సుప్రీంకోర్టు అతనిపట్ల కనికరము చూపినది. ఆ తీర్పులో న్యాయమూర్తి మార్కండేయ కట్జూ, రొట్టెముక్క దొంగిలించి జీవితాంతము దొంగయనిపించుకొన్న జాన్ వాల్‌జాన్ కథను తలచుకొనిరి. విక్టర్ హ్యూగో నవలను చదువనివారికిని ఆ పాత్ర తెలిసినదే. 1950 నాటి 'బీదల పాట్లు' చిత్రమున చిత్తూరు నాగయ్య ధరించిన పాత్రయే యది. ఆ కథలోను, కథానాయకుడు పేరు మార్చుకొన్నప్పుడు గదా యోగ్యుడైనది! మన న్యాయస్థానము సినిమాకంటె కఠినమైనది. పేరు మార్చుకొనుటను ఒప్పదు.

2016 జూలైలో అవతార్ సింగ్ కేసున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ చిక్కును కొంత విడదీసినది. అడిగినది నిజముగా చెప్పవలెను. చిన్నవయస్సులో నినాదములు చేసితివన్నంతటి స్వల్పవిషయమైనచో, దాచినను అధికారి క్షమింపవచ్చును. గురుతరమైన నేరమున శిక్షపడినచో తొలగింపవచ్చును. నిజము చెప్పినంతమాత్రమున కొలువిచ్చి తీరవలెనని నిర్బంధము లేదు. అడుగని ప్రశ్నకు ఉత్తరమీయలేదని తప్పుపట్టరాదు. ఈ కడపటి మాటను దరఖాస్తుదారులు గుర్తుంచుకొనవలెను. ఫారము శిక్షను గురించి మాత్రమే అడిగినచో, కొట్టివేసిన కేసును చెప్పలేదను నింద నిలువదు; అరెస్టును గురించి అడిగినచో మాత్రము అక్కడ వ్రాయవలసినదే.

ఇదే దేశమున, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము రెండేండ్లకు తక్కువ కాని శిక్షపడిన నాయకునకు, విడుదలయైన ఆరేండ్లకు మరల ఎన్నికలలో నిలుచు అర్హత కల్పించుచున్నది. ఆ నాయకుని ఇంటి గేటువద్ద ఏజెన్సీ గార్డుగా నిలుచుటకు మాత్రము అదే శిక్షపడిన సామాన్యునకు గడువు తేదీ లేదు.

మచ్చ చూపి పనినుండి తరిమివేయుటయే కాదు, మచ్చ చూపి పనిలోనికి తోలుటయు మన చరిత్రలో కలదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము, 1911 సవరణతో మద్రాసు రాజధానికి వ్యాపించి, ఎరుకలవారి వంటి కులములను పుట్టుకతోనే రిజిస్టరుకు ఎక్కించినది. 1913 ప్రాంతమున బాపట్ల-చీరాల నడుమ సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురము అట్టి సెటిల్మెంటు. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టిరి. చీరాలలోని పొగాకు కంపెనీకి ఆ సెటిల్మెంటు నుండి కూలీలు పోయెడివారు. హాజరు వేయించుకొనక ఊరు విడువ వీలులేని కూలీకంటె నమ్మకమైన కూలీ యజమానికి ఎక్కడ దొరకును? పని దొరకినదని సంతోషింపవలెనో, మచ్చయే గొలుసైనదని దుఃఖింపవలెనో తెలియని స్థితి యది. 1952 ఆగస్టు 31న చట్టము రద్దయ్యెను గాని, ఊరిపేరు చెప్పినంతనే సంచి తడిమి చూచుకొను అలవాటు రద్దు కాలేదు. గోరా కుమారుడు లవణము, జాషువ కుమార్తె హేమలత దంపతులు 1970ల నుండి ఆ ఊరిలో చేసిన సంస్కరణకార్యము, జీవనోపాధితోపాటు ఆ ఊరిపేరును కూడ కడుగుటకు చేసిన యత్నము. జైలు మాన్యువళ్ళలో ఈ జాతులపై మిగిలియున్న వివక్షను సుప్రీంకోర్టు కొట్టివేసినది 2024 అక్టోబరులో.

చర్లపల్లికి తిరిగి వత్తము. 1977లో, ఉద్యోగములిప్పింతునని నిరుద్యోగులను మోసగించిన ఒక ఆంధ్రప్రదేశపు యువకుని అప్పీలుపై, న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్షను 18 మాసములకు తగ్గించుచు, ఆతనికి జైలులో యాంత్రికమైన చాకిరి గాక బుద్ధికి పని కల్పించు పనినిచ్చి, తగిన కూలి యీయవలెనని ఆదేశించిరి. ఖైదీ కూలి న్యాయమైనదిగా నుండవలెనని 1998లో సుప్రీంకోర్టు మరల చెప్పినది. ఇట్టి ఆలోచనల ఫలముగా నేడు చర్లపల్లి జైలులో వడ్రంగము, ఇనుప సామగ్రి, నేత, సబ్బులు, ఫినాయిలు వంటి పనులున్నవి. 'మై నేషన్' అను పేరుతో ఆ సరకు అమ్ముడుపోవుచున్నది. ప్రక్కనే బహిరంగ కారాగారము, అనగా ఖైదీలు వ్యవసాయము చేయు కాలనీ కలదు. జైళ్ళశాఖ నడుపు పెట్రోలు బంకులలో ఖైదీలును, విడుదలయైనవారును కలిసి పని చేయుచున్నారు. మనము బండి ఆపి, మీటరు సున్నా చూచుకొని, నోట్లు వారి చేతికే యిచ్చి పోవుచున్నాము. అక్కడ ఎవరికిని భయము వేయదు. జైలు తానే పూచీపడి నిలిచినచోట లోకము నమ్ముచున్నది. ఆ పూచీ జైలు గేటు దాటి నాచారము ఫ్యాక్టరీ వరకు నడచిరాదు. బంకులలోని కొలువులు కొద్ది. ప్రతి సంవత్సరము విడుదలయగువారు వేలు. మేజను చేయుట నేర్పిన ప్రభుత్వము, ఆ మేజ వేసుకొను కచేరీలోనికి మాత్రము మేజ చేసినవానిని రానీయదు.

చట్టమున కొన్ని నీడలు లేకపోలేదు. 1958 నాటి ప్రొబేషను చట్టము క్రింద మందలించి గాని, మంచినడవడికకు పూచీకత్తుపై గాని విడిచిపెట్టబడినవానికి, శిక్షతో వచ్చు అనర్హతలు అంటవని దాని పండ్రెండవ సెక్షను చెప్పును. దోషియను తీర్పు మాత్రము చెరగదని సుప్రీంకోర్టు వివరించినది. తొలి తప్పు చేసినవాని వకీలు ఈ చట్టమును అడిగి చూచుట, రెండు నెలల శిక్షయే గదాయని ఊరకుండుటకంటె ఎంతయో మేలు. బాలురకు 2015 నాటి బాలల న్యాయచట్టపు ఇరువదినాల్గవ సెక్షను గట్టి రక్షణ. అతిఘోరమైన కొన్ని కేసులు తప్ప, రికార్డునే గడువు తరువాత నాశనము చేయవలెనని అది విధించుచున్నది. పెద్దవారికి అట్టిది మన దేశమున లేదు. ఇంగ్లండులో 1974 చట్టము ప్రకారము, నిర్ణీతకాలము సత్ప్రవర్తనతో గడిపినవాని పాత శిక్ష చెల్లిపోయినట్లు భావింపబడును. బడులు, ఆసుపత్రుల వంటి చోట్ల తప్ప, అడిగినను చెప్పవలసిన పని యుండదు. అమెరికాలోని పెక్కు రాష్ట్రములు దరఖాస్తు తొలిపుటలోనే ఆ ప్రశ్న వేయరాదని నిషేధించినవి. ముందు మనిషిని చూచి, తరువాత కాగితమును చూడవలెనన్నమాట.

ఆనాడు మేము కాదన్న సంగతి చెప్పుటకు నన్నే గేటు వద్దకు పంపిరి. "మల్ల చెప్తమన్నా" అని నేను నసిగితిని. ఆతడు అట్టి మాటలు విని విని యున్నవాడు కాబోలు, "చెప్పుండ్రి సార్" అని, ఆధార్ జిరాక్సును తిరిగి యిమ్మని అడిగెను. ఇంకొక చోట చూపుటకు పనికివచ్చునట. ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొని, బోడుప్పల్ వైపు నడచిపోయెను. వారము గడువకముందే క్రొత్త వాచ్‌మన్ వచ్చెను. ఆతని ఆధార్ కార్డును గాని, పూర్వోత్తరములను గాని మేమెవరమును అడుగలేదు. ఆతడు మా కార్యదర్శి వదినగారి ఊరివాడు.