వాచీ గ్లాసు మీద నీళ్లు, నూనె నిలవని పూత: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది వాచీ గ్లాసు మీద వేసే పూత గురించి. హైడ్రోఫోబిక్ అంటే నీళ్లని దగ్గరికి రానివ్వనిది, ఓలియోఫోబిక్ అంటే నూనెని దగ్గరికి రానివ్వనిది. ఫోన్ స్క్రీన్ కోసమని అమ్మే చిన్న సీసాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బాగా దొరుకుతున్నాయి. దాంతో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మా నాన్నగారి పాత హెచ్‌ఎంటీ ఉందండి, గ్లాసు ఎప్పుడు చూసినా మరకలే, ఆ పూత వేసేయొచ్చా?" అని.

ముందే సమాధానం చెప్పేస్తాను. ఆ వాచీకి వేయకండి. వేరే కొన్ని వాచీలకి మాత్రం హాయిగా వేసుకోవచ్చు. ఎందుకు ఒకదానికి వద్దు, ఇంకోదానికి సరే అన్నది అర్థమైతే, మీ చేతికున్న వాచీ సంగతి మీరే తేల్చుకోగలరు.

మొదట ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. తామరాకు మీద నీటిబొట్టు మనందరికీ తెలిసిందే. చేమాకు మీద కూడా అంతే, బొట్టు ముత్యంలా దొర్లిపోతుంది. ఆకు మీద మైనం ఉంటుంది, దానికి తోడు కంటికి కనపడని చిన్న చిన్న బుడిపెలుంటాయి. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్త్‌లాట్, తన సహచరుడితో కలిసి 1997లో తామరాకు గురించి వెలువరించిన పరిశోధనతో ఈ సంగతి బాగా ప్రచారంలోకి వచ్చింది. నీటిబొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని కాంటాక్ట్ యాంగిల్ అంటారు. అది 90 డిగ్రీలు దాటితే ఆ ఉపరితలం నీళ్లని ఇష్టపడట్లేదని లెక్క. తామరాకు మీద అది 150 కంటే ఎక్కువే. బాగా శుభ్రం చేసిన మామూలు గాజు మీదైతే చాలా తక్కువ, బొట్టు వెంటనే పల్చగా పరుచుకుపోతుంది.

మరి వాచీ గ్లాసుని తామరాకులా చేయొచ్చు కదా అంటే, కుదరదు. బుడిపెలు పెడితే వెలుతురు చెదిరిపోయి గ్లాసు మసకబారుతుంది, టైము కనపడదు. గ్లాసు నున్నగానే ఉండాలి. నున్నటి ఉపరితలం మీద ఎంత మంచి పూత వేసినా ఆ కోణం దాదాపు 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మంచి పూతలు 110 దాకా ఇస్తాయి. అంటే బొట్టు గుండ్రంగా నిలబడుతుంది గానీ దానంతట అది దొర్లిపోదు. చెయ్యి ఒకసారి విదిలిస్తే పోతుంది. వానలో బండి మీద వెళ్తూ టైము చూసుకోవాలంటే ఆ ఒక్క విదిలింపు చాలు. విదల్చకపోతే మాత్రం గుండ్రటి బొట్లు భూతద్దాల్లా పనిచేసి, పూత లేని గ్లాసు కంటే చదవడం ఇంకా కష్టమవుతుంది. ప్రకటనల్లో ఈ ముక్క చెప్పరు.

ఇక నూనె సంగతి. నీటికి తలతన్యత ఎక్కువ, మీటరుకి 72 మిల్లీన్యూటన్లు. ఏదైనా మైనంలాంటి ఉపరితలం చాలు, నీళ్లు ముడుచుకుపోతాయి. మన చర్మం మీది జిడ్డుకి, తలనూనెకి అది సుమారు 30 మాత్రమే. అందుకే నూనె దేనిమీదైనా సులువుగా పరుచుకుంటుంది. దాన్ని ఆపాలంటే ఉపరితలం శక్తి అంతకంటే ఇంకా బాగా తక్కువ ఉండాలి. 20 లోపుకి తేగలిగేవి ఫ్లోరిన్ ఉన్న పూతలు. కారు అద్దాలకి వాడే వాన మందుల్లో చాలావరకు సిలికోన్ రకం. అవి నీళ్లని బాగానే ఆపుతాయి, నూనె దగ్గర తేలిపోతాయి. కాబట్టి కారు మందు వాచీకి పూసి వేలిముద్రలు పోలేదే అనుకుంటే తప్పు వాచీది కాదు.

ఇంకో మాట. ఏ పూత వేసినా వేలిముద్రలు పడక మానవు. పడిన ముద్ర గ్లాసుకి గట్టిగా అంటుకోకుండా చిన్న చిన్న చుక్కలుగా ఉండిపోతుంది, చొక్కా అంచుతో ఒక తుడుపుకే పోతుంది. ఆపిల్ కంపెనీ 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో ఇలాంటి పూతని ఫోన్లకి తెచ్చింది. అప్పటినుంచి ఇది మామూలైపోయింది గానీ, ముద్రలు పడని ఫోన్ ఎవరి దగ్గరా లేదు కదా.

పూత గ్లాసుకి ఎలా అంటుకుంటుంది? ఈ అణువులకి ఒక చివర ఫ్లోరిన్ తోక, రెండో చివర సిలేన్ అనే కొక్కెం ఉంటాయి. గాజు ఉపరితలం మీద ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలుంటాయి. గాల్లోని తేమ సాయంతో కొక్కెం వాటిని పట్టుకుంటుంది. తోకలు పైకి నిలబడి నూనెని, నీళ్లని ఆపుతాయి. ఇదంతా కొద్ది నానోమీటర్ల మందం మాత్రమే. కొక్కేలు పట్టుకోవడానికి చోటున్నంతవరకే అణువులు నిలుస్తాయి, మిగతాది తుడిచేస్తే పోతుంది. అందుకని "నాలుగు కోట్లు వేస్తే నాలుగింతలు ఉంటుంది" అన్నమాటలో నిజం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వాచీ గ్లాసులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్. హెచ్‌ఎంటీ 1961లో సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్ లాంటి ఆ పాత మోడళ్లకి ఉన్నది ఇదే. యాక్రిలిక్ మీద సిలేన్ కొక్కెం పట్టుకోవడానికి ఆ జంటలు లేవు. వేసిన పూత త్వరగా రాలిపోతుంది. అది చిన్న నష్టమే. పెద్ద నష్టం ఇంకోటుంది. ఈ గ్లాసుని కేసులోకి బిగుతుగా నొక్కి కూర్చోబెడతారు, కాబట్టి అది ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న యాక్రిలిక్‌కి ఆల్కహాల్ తగిలితే సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. ఎసిటోన్ అయితే గ్లాసునే కరిగిస్తుంది. పూత వేసే ముందు శుభ్రం చేయమని ఇచ్చే ద్రవం సాధారణంగా ఆల్కహాలే, పూతలో ఏ ద్రావణి ఉందో చాలా సీసాల మీద రాయరు. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయడానికి ప్రభుత్వం 2016లో నిర్ణయం తీసుకుంది. ఆ పాత వాచీకి కంపెనీ గ్లాసు దొరకడం కష్టం కావచ్చు. నాన్నగారు ముప్ఫై ఏళ్లు పెట్టుకున్న వాచీ మీద సీసా ప్రయోగం చేయొద్దని చెప్పేది అందుకే. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, గీతలుంటే యాక్రిలిక్ పాలిష్ పేస్టుతో రుద్దించండి, సరిపోతుంది.

రెండోది మినరల్ గ్లాస్. గాజు కాబట్టి పూత దీనికి చక్కగా పడుతుంది. మామూలుగా మనం రోజూ పెట్టుకునే వాచీల్లో ఎక్కువ ఇదే.

మూడోది సఫైర్, అంటే ప్రయోగశాలలో పెంచిన అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. మోస్ స్కేలు మీద దీని కాఠిన్యం 9, వజ్రానిది 10. దీనిమీద కొక్కేలకి గాజు మీదున్నంత మంచి పట్టు దొరకదు. ఫ్యాక్టరీలో అయితే వాక్యూమ్ గదిలో ముందు పల్చటి సిలికా పొర వేసి, దానిమీద ఫ్లోరిన్ పూత వేస్తారు. ఇంట్లో అది సాధ్యం కాదు. వేసుకోవచ్చు, నష్టం లేదు, కాకపోతే గాజు మీదున్నన్ని రోజులు ఉండకపోవచ్చు.

మనది ఏ రకమో ఎలా తెలుస్తుంది? గోటితో తట్టండి. యాక్రిలిక్ ప్లాస్టిక్ చప్పుడే చేస్తుంది, ముట్టుకుంటే చల్లగా ఉండదు. సఫైర్ వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి పెదవికి ఆనిస్తే గాజు కంటే చల్లగా తగులుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు అమ్మేవాళ్లు నీటిచుక్క పరీక్ష చేసి చూపిస్తారు, చుక్క గుండ్రంగా నిలబడితే సఫైర్, పరుచుకుంటే మామూలు గాజు అని. ఈ పూత వేసిన మామూలు గాజు మీద కూడా చుక్క గుండ్రంగానే నిలబడుతుంది. ఆ చుక్కని చూసి సఫైర్ ధర కట్టొద్దు.

పూత వల్ల అందరికంటే ఎక్కువ లాభం ఎవరికంటే, గ్లాసు పైవైపు ఏఆర్ పూత, అంటే ప్రతిబింబం తగ్గించే పూత ఉన్నవాళ్లకి. పూత లేని సఫైర్ ఒక్కో వైపు 7 శాతం పైగా వెలుతురుని తిప్పికొడుతుంది. ఏఆర్ పొర సుమారు 100 నానోమీటర్ల లెక్కతో ఆ ప్రతిబింబాన్ని చంపేస్తుంది. దానిమీద కాస్త జిడ్డు పడితే ఆ లెక్క చెడిపోయి, ముద్ర పడిన చోట మాత్రం మెరుపు మళ్లీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఏఆర్ ఉన్న ఖరీదైన వాచీకే మరకలు ఎక్కువ కనపడటానికి కారణం అదే. మన పూత దానిలో పదోవంతు మందం కూడా ఉండదు కాబట్టి ఏఆర్ పనికి అడ్డురాదు. అయితే టూత్‌పేస్టు, పాలిష్ పౌడర్ లాంటివి మాత్రం దాని దగ్గరికి తీసుకెళ్లొద్దు. అవి ఏఆర్ పొరనే గీకేస్తాయి.

వేసే పద్ధతి చెప్తాను. మినరల్, సఫైర్‌లకి మాత్రమే. ముందు బెల్టు తీసేయండి, ముఖ్యంగా తోలు బెల్టయితే. కీ తిప్పే బుడిపె లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకోండి. కొంచెం సబ్బు తడి చేసిన గుడ్డతో జిడ్డు తీసి, ఇంకో తడి గుడ్డతో సబ్బు తుడిచేయండి. గ్లాసు చుట్టూ కేసు అంచుకి మాస్కింగ్ టేపు వేయండి, ద్రవం సందులోకి దిగి లోపలి రబ్బరు రింగుకి తగలకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని గుడ్డ మీద వేసి, ఆ గుడ్డతో తుడవండి, గ్లాసు మీద పోయొద్దు. ఆరాక వేలితో ముట్టుకోవద్దు. పూత ద్రవం రెండు మూడు చుక్కలు పీచు రాలని గుడ్డ మీద వేసి, గ్లాసంతా సమంగా రాయండి. తర్వాత రాత్రంతా అలా వదిలేయండి, కొక్కేలు కుదురుకోవడానికి టైము కావాలి. పొద్దున్నే మైక్రోఫైబర్ గుడ్డతో మెరుగు పెట్టండి. సీసా మీద వేరే టైము రాసి ఉంటే అదే పాటించండి.

ఎన్నాళ్లుంటుంది? రోజూ పెట్టుకునే వాచీకి నెలల లెక్కే గానీ ఏళ్ల లెక్క కాదు. చొక్కా చేతుల రాపిడి, జేబులో చెయ్యి పెట్టి తీయడం, ఇవే దాన్ని అరగదీసేవి. బట్టల సోడా, ఘాటైన డిటర్జెంటు నీళ్లు ఆ కొక్కేలనే తెంచేస్తాయి. గిన్నెలు, బట్టలు ఉతికేటప్పుడు వాచీ తీసి పెట్టడం మంచిది. చుక్క నీళ్లు వేస్తే గుండ్రంగా నిలబడకుండా పరుచుకుంటుంటే పూత అయిపోయినట్టే, మళ్లీ వేసుకోవచ్చు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ పూత వాచీని వాటర్‌ప్రూఫ్ చేయదు. నీళ్లు లోపలికి వెళ్లేది గ్లాసు గుండా కాదు, దాని అంచు నుంచి, బుడిపె దగ్గర నుంచి, వెనక మూత నుంచి. అక్కడ కాపలా ఉండేది రబ్బరు రింగులు. 30 మీటర్లు అని రాసున్న వాచీ చేతులు కడిగేటప్పుడు పడే చిందులకే గానీ ఈతకి కాదు, పూత వేసినా అంతే. అలాగే గ్లాసు లోపలివైపు ఆవిరి పడుతోంది, పూత వేయమంటారా అని అడుగుతుంటారు. వద్దండి. లోపల ఆవిరి పట్టిందంటే తేమ దూరిందని అర్థం. ఆ తేమకి లోపలి సన్నటి ఉక్కు భాగాలు తుప్పు పడతాయి. పూతకి పెట్టే డబ్బు రింగులు మార్చడానికి పెట్టండి, ఆలస్యం చేయకుండా రిపేరు షాపుకి తీసుకెళ్లండి.

ఆరోగ్యం గురించి కూడా చెప్పాలి. స్ప్రే రూపంలో వచ్చేవి కొనొద్దు. ఫ్లోరిన్ ఉన్న వాటర్‌ప్రూఫ్ స్ప్రేలని మూసిన గదిలో పీల్చినవాళ్లకి ఊపిరితిత్తులు దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. చుక్కలుగా వేసే సీసా తీసుకోండి, కిటికీ తెరిచి వేయండి, పిల్లలకి అందకుండా పెట్టండి. పైగా ఈ ఫ్లోరిన్ పూతల్లో ఎక్కువ భాగం పీఫాస్ కుటుంబానివే, మట్టిలో నీళ్లలో ఏళ్ల తరబడి విరగకుండా ఉండిపోతాయి. ఐరోపాలో వీటిని విస్తృతంగా కట్టడి చేయాలని ఐదు దేశాలు కలిసి 2023లో ప్రతిపాదన పెట్టాయి. మిగిలిన ద్రవాన్ని సింకులో పోయకండి.

మొత్తం మీద లెక్క ఇది. పైవైపు ఏఆర్ ఉన్న గ్లాసైతే వేసుకోండి, తేడా కనపడుతుంది. మామూలు మినరల్ గ్లాసైతే మీ ఇష్టం, గుడ్డతో తుడుచుకున్నా గడిచిపోతుంది. యాక్రిలిక్ గ్లాసున్న పాత వాచీ అయితే సీసా మూత కూడా తీయకండి. ఇంట్లో పెద్దవాళ్ల వాచీలుంటే ముందు గోటితో తట్టి చూడండి, ఆ తర్వాతే మిగతా ఆలోచన.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ రబ్బరు రింగుల గురించి, వాటిని ఎప్పుడు మార్చాలన్నది మాట్లాడుకుందాం. ఉంటానండి.