వ్యాపారపు ఆలోచనకు బయటి మనిషెందుకు?



ఈవేళ మన కబుర్లు వంటింటివి కావు, వ్యాపారానివి. అది మనకెందుకంటారా? సొంత కొట్టో, చిన్న ఫ్యాక్టరీయో ఉన్న ఇళ్ళలో బ్యాంకు అప్పుకు హామీగా ఉండేది చాలాసార్లు మన ఇల్లే. తాకట్టుకు వెళ్ళేవి మన నగలే. అందుచేత రేపటి ఆలోచన ఎలా సాగుతోందో మనకూ తెలియాలి.

ఒక బట్టల కొట్టు అనుకుందాం. యజమాని గారికి రెండో కొట్టు తెరవాలని ఉంది. కొడుక్కి ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టాలని. తమ్ముడికి ముందు బాకీలు తీర్చాలని. అరువులు ఎక్కడ మునుగుతున్నాయో గుమాస్తాకు తెలుసు. అందరూ కూర్చుంటారు. పెద్దాయన మాట్లాడతారు, తక్కినవాళ్ళు తలలూపుతారు. జీతమిచ్చే మనిషి ఎదుట గుమాస్తా నోరు విప్పడు. కొడుకు ఎదురు చెబితే అది వ్యాపారం మాట కాక ఇంటి తగవవుతుంది. ఏదో తీర్మానించుకున్నా, మర్నాడు గల్లాపెట్టె తెరిచేసరికి మరుగున పడుతుంది.

ఇక్కడే బయటి మనిషి కావాలి. ఇలాంటివారిని ఫెసిలిటేటర్లంటారు. అంటే చర్చ నడిపేవారన్నమాట. తీర్పు చెప్పే పెద్దమనిషి కాదు, లెక్కలు చూసే ఆడిటరూ కాదు. మన వ్యాపారం మనకంటే బాగా తెలియనక్కర్లేదు. అందరిచేతా మాట్లాడించడం తెలిస్తే చాలు.

ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. తర్వాత కొట్టుకు దూరంగా ఒకటి రెండు రోజులు అందరినీ కూర్చోబెడతారు. అభిప్రాయాలు పేర్లు లేకుండా చీటీల మీద రాయిస్తారు. పెద్దాయనను ఆఖర్న మాట్లాడమంటారు. మన బలమేమిటి, లోపమేమిటి, మూడేళ్ళకు ఎక్కడుండాలి, అందుకు ఏది మానుకోవాలి అని వరసగా అడుగుతారు. చివరికి ఏ పని ఎవరు, ఏ తేదీకి చెయ్యాలో కాగితం మీద పెట్టిస్తారు. మూడు నెలలకు మళ్ళీ వచ్చి ఎంతవరకూ అయిందో విచారిస్తారు. నిర్ణయం మాత్రం యజమానిదే.

ఇంటి గుట్టు లంకకు చేటు కదా అంటారేమో. నిజమే. అందుకే గుట్టు బయటపెట్టనని ముందే రాయించుకోవాలి. ఫీజు ముందే మాట్లాడుకోవాలి. బంధువును, అప్పు ఇప్పించేవారిని, ఏదో ఒకటి అంటగట్టేవారిని పిలవకూడదు. వ్యాపార సంఘాల్లో, మేనేజ్‌మెంట్ కళాశాలల్లో విచారించి, ఇదివరకు వారిచేత చర్చ నడిపించుకున్నవాళ్ళనూ కనుక్కోవాలి. ఇంకొక్క మాట. యజమాని ముందే నిశ్చయించేసుకుని, పైకి మాత్రం అందరినీ అడిగినట్టు కనిపించాలనుకుంటే ఆ డబ్బు దండగ.

పెద్ద వ్యాపారాలకూ ఇది అవసరపడింది. 1978లో రాజాంలో జనపనార మిల్లుతో మొదలై, 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన జి.ఎం.ఆర్. కుటుంబం తమ కుటుంబ నియమావళిని బయటి నిపుణుల సాయంతోనే రాసుకుంది.

అప్పు కాగితాల మీద సంతకానికి మనల్ని పిలుస్తారు. ఆలోచనకూ పిలవమనండి. ఆ గదిలో మీకూ ఒక కుర్చీ వేయించుకోండి. ఇంటి ఖర్చెంత, ఏ నగ ఎక్కడ తాకట్టులో ఉంది, పిల్లల చదువుకు ఎప్పుడెంత కావాలి అన్నవి మనకంటే బాగా ఎవరు చెప్పగలరు?